నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ చీకటిని ఎలా తట్టుకుంటున్నారు? (స్వీడన్, నార్వే వైపు ఉన్నవాళ్ళు చెప్పండి)

తెనాలి_అమ్మాయి (వెస్టెరోస్, స్వీడన్) · నవంబర్ 17

అందరికీ నమస్కారం అండి. మా వారి ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చాం, నేను పాపతో ఇంట్లోనే ఉంటా. ఇది నాకు రెండో చలికాలం. పోయినేడు కొత్త మీద మంచు, కిటికీల్లో దీపాలు అవన్నీ చూసుకుంటూ గడిచిపోయింది. ఈసారి అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పిన దగ్గర్నుంచి నేను నేనులా లేను. మూడున్నరకల్లా చీకటి. పది గంటలు పడుకున్నా పొద్దున లేవబుద్ధి కాదు, ఒళ్ళంతా బరువు, అన్నమో స్వీటో ఏదో ఒకటి తింటూనే ఉండాలనిపిస్తోంది. ఏడుపు కూడా రావట్లేదు అండి, అసలు ఏమీ అనిపించట్లేదు, అదే భయంగా ఉంది. పాప బొమ్మ తెచ్చి చూపిస్తే నవ్వడానికి కూడా ఓపిక కూడదీసుకోవాల్సొస్తోంది. అమ్మకి చెప్తే దిష్టి తగిలిందేమో, ఉప్పు తీసి పడెయ్యి అంటుంది. మా వారు మంచివారే, కానీ ఆయన పొద్దున చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తారు, ఇంక ఆయనకేం చెప్పను.

మీలో ఎవరికైనా ఇలా ఉంటే ఏం చేశారో రాయండి. పొద్దున ఎదురుగా పెట్టుకునే గట్టి వెలుగు దీపం, లైట్ బాక్స్ అంట, కొనుక్కోమని ఒకావిడ చెప్పారు, అది నిజంగా పనిచేస్తుందా లేక డబ్బులు దండగేనా?

గోదారోడు (స్టాక్‌హోమ్) · నవంబర్ 17

అమ్మా, ముందు ఒక మాట, ఇది నీ ఒక్కదానికే కాదు. నేను ఇక్కడికొచ్చి పదేళ్ళు దాటింది, నవంబర్ అంటే ఇప్పటికీ నాకు కష్టమే. జనం జనవరికి భయపడతారు గానీ అసలు చెడ్డది ఈ నెలేనండి, ఎందుకంటే మంచు ఇంకా పడదు, ఆకులు రాలిపోయుంటాయి, నేలంతా నల్లగా తడిగా ఉంటాది, ఆకాశం వారాల తరబడి మూసుకునే ఉంటాది. మంచు పడితే ఉన్న కాస్త వెలుగూ దాని మీద పడి తిరిగొస్తాది, కొత్త మంచు వెలుగుని ఎనభై శాతం పైన వెనక్కి కొడతాదంట, అప్పుడు వీధి దీపాలకి కూడా ఊరు తెల్లగా కనిపిస్తాది.

నేను చేసేది చాలా చిన్న పని. పన్నెండింటికి బయటికెళ్ళి నడుస్తాను, వాన గానీ గాలి గానీ. ఆఫీసు క్యాలెండర్‌లో ఆ టైమ్ మీటింగ్ అని బ్లాక్ చేసేశాను, ఎవడూ ముట్టుకోడు. డిసెంబర్ 21కి ఇక్కడ పొద్దు పావు తక్కువ తొమ్మిదికి పొడిచి మూడు కాకముందే కుంగిపోతాది. అంటే ఆరు గంటల పగలు, మన హైదరాబాద్‌లో ఆ రోజు కూడా పదకొండు గంటలుంటాది. ఆ ఆరు గంటలూ ఆఫీసులో ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే ఇంక మనకి పగలనేది మిగల్దు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. గడియారం మారాక ఇండియాకీ మనకీ తేడా మూడున్నర గంటలు కాస్తా నాలుగున్నర అవుతాది. సాయంత్రం ఐదింటికి ఆఫీసు అయ్యాక ఫోన్ చేస్తే అక్కడ తొమ్మిదిన్నర, నాన్న పడుకుండిపోతారు. మాట్లాడే మనిషి లేని సాయంత్రాలు అక్కడ మొదలవుతాయి. అందుకే నవంబర్ నుంచి మార్చి దాకా మా ఫోన్‌లు మధ్యాహ్నానికి మార్చేశాం, నేను నడుస్తూ మాట్లాడతాను. నాన్నకి రోడ్డూ మంచూ వీడియోలో చూపిస్తే ఆయనకీ కాలక్షేపం.

ఓరుగల్లు_పోరడు (లులియో, ఉత్తర స్వీడన్) · నవంబర్ 18

అక్కా, మీరు రాసింది సదువుతుంటే నా కథనే అనిపించింది. నేను లులియోల మాస్టర్స్ చేస్తున్న. మా దగ్గర డిసెంబర్ల సూర్యుడు పదింటికి అచ్చి ఒంటిగంటకే పోతడు, గా మూడు గంటలు గూడ చెట్ల మీదికెల్లి ఇట్ల చూసి పోవుడే. నేను పోయిన చలికాలం రాత్రిపూట డెలివరీ జాబ్ చేసిన, మూడింటికి అచ్చి పండుకుంటే ఒంటిగంటకు లేస్తుంటి. అంటే సూర్యుని ముఖం చూడకనే వారాలు గడిచినయి. లోన్ ఈఎమ్‌ఐ ఇంట్ల నాయిన కడుతుండు, ఆయనకు ఫోన్ చేసుడు గూడ బంద్ పెట్టిన, ఏం మాట్లాడాల్నో తెల్వక. క్లాస్‌లకు పోవుడు తగ్గింది. రూమ్‌మేట్లు నలుగురం ఉన్నా ఎవని ఫోన్ వాడు పట్టుకుని ఎవని మంచం మీద వాడు.

యూనివర్సిటీల స్టూడెంట్ హెల్త్ ఉంటది, అక్కడికి మా క్లాస్‌మేట్ గుంజుకపోయింది. వాళ్ళు ఫస్ట్ చెప్పింది నైట్ జాబ్ మార్చుకోమని. పైసలు తక్కువొచ్చినా ఇప్పుడు సాయంత్రం షిఫ్ట్ తీసుకున్న, పొద్దుగాల తొమ్మిదికి లేస్తున్న, పదింటికి బయట ఉంటున్న. గీసారి మస్తు ఫరక్ ఉన్నది. పూర్తిగ మంచిగున్న అని చెప్పను గని లేవగలుగుతున్న.

విశాఖ_సముద్రం (గోథెన్‌బర్గ్) · నవంబర్ 18

అందరి బాధా అర్థమవుతోంది, కానీ నా అభిప్రాయం వేరు. ఈ రోజుల్లో ప్రతిదానికీ ఒక జబ్బు పేరు పెట్టేస్తున్నాం. చలికాలంలో ఎవరికైనా బద్ధకంగానే ఉంటుంది, ఇక్కడివాళ్ళకీ ఉంటుంది. మనిషికి చేతినిండా పని, నలుగురు మనుషులు ఉంటే ఇవేమీ దగ్గరికి రావని నా నమ్మకం. నేను బ్యాడ్మింటన్, స్వీడిష్ క్లాసులు, వారాంతం వంటలు, ఇలా ఖాళీ లేకుండా పెట్టుకున్నాను. ఒకసారి జబ్బు అనుకుంటే మనసు దానికే అలవాటు పడిపోతుందేమో ఆలోచించండి.

కాకినాడ_డాక్టరమ్మ (లీడ్స్, ఇంగ్లండ్) · నవంబర్ 19

నేను సైకియాట్రీలో పనిచేస్తాను, అందుకని కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

విశాఖ గారూ, పనీ మనుషులూ అన్న మీ మాట నిజం, చికిత్సలో అది కూడా ఒక భాగమే. కానీ లేవలేని మనిషిని ముందు బ్యాడ్మింటన్‌కి రమ్మంటే రాలేదు, రాలేకపోయినందుకు ఇంకా కుంగిపోతుంది. బద్ధకానికీ దీనికీ తేడా ఉంది. తెనాలి అమ్మాయి రాసినవి చూడండి: ఎక్కువ నిద్ర, అన్నం మీదకీ తీపి మీదకీ మనసు పోవడం, ఒళ్ళు బరువు, దేని మీదా ఇష్టం లేకపోవడం, అదీ చలికాలంతో పాటు మొదలవడం. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్రా ఆకలీ తగ్గుతాయి, ఇందులో తిరగబడతాయి. ఏటేటా అదే కాలానికి వచ్చి వసంతానికి పోతుంటే దాన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు. 1984లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో నార్మన్ రోజెంథాల్, ఆయన తోటివాళ్ళు దీన్ని మొదటిసారి వివరంగా రాసి ఆ పేరు పెట్టారు. ఆయన కూడా మనలాగే ఎండ దేశం నుంచి వెళ్ళినవాడే, దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ వచ్చాక తనకే చలికాలంలో ఓపిక పడిపోవడం గమనించుకున్నాడు.

ఒంట్లో జరిగేది ఏమిటంటే, మన కంటి రెటీనాలో బొమ్మ చూడ్డానికి కాకుండా వెలుతురు ఎంతుందో చెప్పడానికే కొన్ని కణాలు ఉన్నాయి. పొద్దున వెలుగు పడగానే అవి మెదడులోని గడియారానికి తెల్లారిందని కబురు పంపిస్తాయి. ఆ కబురు అందకపోతే గడియారం వెనకబడుతుంది, మీరు లేచి కాఫీ పెట్టుకుంటున్నా ఒళ్ళు ఇంకా అర్ధరాత్రే అనుకుంటుంది. సెరొటోనిన్ అనే మెదడు రసాయనం పాత్ర కూడా ఉంది కానీ అందులో ఇంకా చాలా చర్చ నడుస్తోంది.

ఇప్పుడు లైట్ బాక్స్ సంగతి. దండగ కాదమ్మా, సరైనది కొంటే. ఇంట్లో రాత్రి లైట్లు మహా అయితే రెండు మూడు వందల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటాయి, మనకి కావాల్సింది 10,000 లక్స్. అది కూడా ఎంత దూరంలో ఆ 10,000 వస్తుందో డబ్బా మీద రాసుండాలి, అతి చిన్న దీపాలకి ముక్కు ఆనించి కూర్చుంటే గానీ అంత రాదు. అతినీలలోహిత కిరణాలు రాకుండా ఫిల్టర్ ఉండాలి. లేచిన గంటలోపు, అరగంట సేపు, కళ్ళు తెరుచుకుని ఎదురుగా పెట్టుకోండి, దానివంకే చూడక్కర్లేదు, టిఫిన్ తినొచ్చు, పాపకి తినిపించొచ్చు. సాయంత్రం పెడితే నిద్ర చెడుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. కెనడాలో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 96 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి దీపం, ఒకరికి ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర ఇస్తే రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి.

కానీ అందరూ కొనేసుకోకండి. బైపోలార్ (మనసు ఒకప్పుడు బాగా కుంగి, ఒకప్పుడు మితిమీరి ఉప్పొంగే జబ్బు) ఉన్నవాళ్ళకి ఇది మనసుని అటు చివరికి తోసెయ్యగలదు. రెటీనా జబ్బులున్నవాళ్ళు, ఒళ్ళు వెలుతురుని తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవాళ్ళు (కొన్ని యాంటీబయాటిక్స్ కూడా) ముందు డాక్టర్‌ని అడగండి.

ఇంకొక్కటి. ఇలా ఉన్న ప్రతివారికీ ఇదే అనుకోవద్దు. మనవాళ్ళలో థైరాయిడ్ తగ్గడం, రక్తం తక్కువవడం, శాకాహారులైతే బీ12 తగ్గడం బాగా చూస్తాం, అవన్నీ ఇలాగే కనిపిస్తాయి. మీ వైద్య కేంద్రానికి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోండి, స్వీడన్‌లో 1177కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి, అత్యవసరమైతే 112, మాట్లాడ్డానికి 90101 ఉన్నాయి. ఇండియాలో మీ వాళ్ళెవరికైనా కావాలంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తెనాలి_అమ్మాయి · నవంబర్ 19

మేడమ్, రెండుసార్లు చదివాను, మా వారికి కూడా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అన్నారు. రేపు 1177కి ఆయనే ఫోన్ చేస్తారంట. చచ్చిపోవాలి అలాంటివి ఏమీ లేవండి, కంగారు పడకండి. విటమిన్ డీ వేసుకుంటే సరిపోతుందని ఇక్కడ తెలుగు గ్రూపులో అందరూ అంటున్నారు, ఇండియా నుంచి తెచ్చిన 60,000 యూనిట్ల సాచెట్లు మా ఇంట్లో ఉన్నాయి, అవి వారానికొకటి వేసుకోవచ్చా?

కాకినాడ_డాక్టరమ్మ · నవంబర్ 20

పరీక్ష లేకుండా వద్దమ్మా. అవి లోపం ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు ఇచ్చే మోతాదు. మీరున్న చోట అక్టోబర్ నుంచి మార్చి దాకా ఎండ ఎంత కాచినా చర్మం విటమిన్ డీ తయారుచేయలేదు, సూర్యుడు అంత కిందుగా ఉంటాడు. మన చర్మం ఛాయకి ఎండాకాలంలో కూడా ఎక్కువసేపు కావాలి. అందుకని రోజూ 10 మైక్రోగ్రాముల చిన్న మాత్ర మంచిదే, ఎముకలకీ కండరాలకీ. మనసుకి మాత్రం అది మందు అని చెప్పలేను. అమెరికాలో 18,000 మందికి పైగా, అందరూ 50 దాటినవాళ్ళు, వాళ్ళలో సగం మంది ఏళ్ళ తరబడి డీ3, సగం మంది మందు లేని మాత్ర వేసుకుని చూశారు. 2020లో వచ్చిన ఫలితం ఏమిటంటే, డిప్రెషన్ రాకుండా అది ఆపలేదు. కాబట్టి మాత్ర వేసుకున్నాం కదా అని నడక మానొద్దు.

ట్రోమ్సోలో_తెలుగు (ఉత్తర నార్వే) · నవంబర్ 29

ఆలస్యంగా చూశాను. మా ఊళ్ళో మొన్ననే సూర్యుడు వెళ్ళిపోయాడు, ఇంక జనవరి మధ్య దాకా రాడు. అలాగని ఇరవై నాలుగు గంటలూ కటిక చీకటి కాదండి, మధ్యాహ్నం ఓ రెండు మూడు గంటలు నీలం వెలుగు ఉంటుంది, మంచు మీద అది చాలా అందంగా ఉంటుంది. నేను ఇక్కడికి రాకముందు అందరూ భయపెట్టారు. వచ్చాక చూస్తే ఈ ఊరివాళ్ళు చలికాలం కోసం ఎదురుచూస్తున్నారు! అమెరికా నుంచి కారీ లైబోవిట్జ్ అనే ఆవిడ ఇక్కడికి వచ్చి దీని మీదే పరిశోధన చేశారు, చలికాలాన్ని ఏదో భరించాల్సిన శిక్షలా కాక అందులో చేసుకోగల పనులున్న కాలంగా చూసేవాళ్ళు మెరుగ్గా ఉన్నారని.

దానర్థం బాధలో ఉన్నవాళ్ళు చూపు మార్చుకుంటే చాలని కాదు, డాక్టరమ్మ గారు చెప్పిందే ముందు. నేను నేర్చుకున్నది పనుల విషయం. ఇక్కడ స్కీ దారుల వెంట దీపాల స్తంభాలు ఉంటాయి, రాత్రి తొమ్మిదింటికి కూడా జనం కనిపిస్తారు. అంగన్‌వాడీ వయసు పిల్లల్ని కూడా మెరిసే జాకెట్లు తొడిగి రోజూ బయటికి తీసుకెళ్తారు, చలి అని ఆపరు. తెనాలి గారూ, మీ పాపని పొద్దున పదింటికి పార్క్‌కి తీసుకెళ్ళండి, అదే మీకూ మందు. అక్కడ కూర్చునే తల్లులతో రెండు ముక్కలు స్వీడిష్‌లో మాట్లాడినా చాలు.

ఇంట్లో పెద్ద ట్యూబ్‌లైట్ ఒక్కటి వేసుకునే అలవాటు సాయంత్రాలు మానేశాం, మూలమూలలా పసుపు దీపాలు, కొవ్వొత్తులు. పొద్దున మాత్రం లైట్లన్నీ వేసేస్తాం. కార్తీకంలో మొదలుపెట్టిన దీపం మా ఇంట్లో మాఘం దాకా ఆగదు, పూజ సంగతి అటుంచి అది వెలిగించే పది నిమిషాలు నాకు చాలా ఇష్టం.

ఎడ్మంటన్_బాబాయి (కెనడా) · డిసెంబర్ 3

మాది చలి ఎక్కువ, మైనస్ 30 కూడా చూస్తాం, కానీ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, పగలు చిన్నదైనా ఎండ కళ్ళల్లో పడుతుంది. అందుకని స్టాక్‌హోమ్ వాళ్ళ బాధ ఇంకోరకం అని ఒప్పుకుంటాను.

నేను రాయాలనుకున్నది మందుల గురించి. మనవాళ్ళు దీని గురించి నోరు విప్పరు. నాకు వరసగా కొన్ని చలికాలాలు ఇలాగే వచ్చింది, ఒకసారి ఆఫీసుకి సెలవు పెట్టి బేస్‌మెంట్‌లో పడుకున్నాను, మా ఆవిడ బయట తలుపు దగ్గర కూర్చుని ఏడ్చింది. దీపం నాకు కొంతే పనిచేసింది. మా ఫ్యామిలీ డాక్టర్ బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు, ఈ రకం చలికాలపు డిప్రెషన్ రాకుండా ముందే వాడ్డానికి అమెరికాలో 2006లో దానికి అనుమతి ఇచ్చారని ఆయనే చెప్పారు. ఆకులు రాలకముందే మొదలుపెడతాను, వసంతంలో ఆయన్ని అడిగి మెల్లగా ఆపుతాను. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళకి అది పనికిరాదు, కాబట్టి ఎవరూ పక్కవాళ్ళ మాత్ర వేసుకోకండి. షుగర్‌కీ బీపీకీ మాత్ర వేసుకుంటున్నామని పెళ్ళిలో కూడా చెప్పుకుంటాం కదా, దీన్ని ఎందుకు దాచాలి?

దాంతోపాటు కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళాను. వెర్మాంట్ యూనివర్సిటీలో కెల్లీ రోహన్ అనే ప్రొఫెసర్ దీపాన్నీ, ఆలోచనల తీరు మార్చే థెరపీనీ పోల్చి చూశారు, ఆ చలికాలానికి రెండూ ఒకటే గానీ రెండేళ్ళ తర్వాత చూస్తే థెరపీ తీసుకున్నవాళ్ళలో మళ్ళీ పడిపోయినవాళ్ళు తక్కువ. నా విషయంలో అయితే "ఇంక ఏప్రిల్ దాకా బతుకంతా ఇంతే" అనే మాట పొద్దున్నే తలలో తిరిగేది, ఆ మాటని పట్టుకుని ఎదురు ప్రశ్న వేయడం అక్కడే నేర్చుకున్నాను.

ఇంకో మనవి. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని నవంబర్‌లో పిలిపించకండి. బయటికి రాలేరు, టీవీ ముందు కూర్చుని వాళ్ళూ కుంగిపోతారు, మనకది కనపడదు కూడా. మే నెలలో రప్పించండి.

విశాఖ_సముద్రం · డిసెంబర్ 4

బాబాయి గారూ, ఇంత విడమరచి రాసినందుకు మీకు దండం. పనీ మనుషులూ ముఖ్యం అనే నా మాట మీద నేను ఇంకా నిలబడతాను, కాకపోతే మనుషులు అంటే పిలిస్తే వచ్చేవాళ్ళే కాదు, రానివాళ్ళ ఇంటికి మనం వెళ్ళడం కూడా అనిపిస్తోంది. గోథెన్‌బర్గ్ చుట్టుపక్కల ఎవరైనా బయటికి రాలేకపోతుంటే నాకు మెసేజ్ పెట్టండి, క్యారేజీ పట్టుకుని నేనే వస్తాను. మాట్లాడాలని లేకపోతే మాట్లాడక్కర్లేదు.

గోదారోడు · జనవరి 14

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలండి. భోగి మంటకి ఇక్కడ పర్మిషన్ గొడవ కాబట్టి బాల్కనీలో కొవ్వొత్తులతో సరిపెట్టాం, పిల్లలకి రేగుపళ్ళు దొరక్క బ్లూబెర్రీలు పోశాం.

ఒక లెక్క చెప్తాను, నాకిది చాలా ధైర్యం ఇస్తాది. ఇక్కడ పొద్దు అన్నిటికన్నా ముందు కుంగేది డిసెంబర్ 21న కాదు, దానికి వారం ముందే. అంటే 21 వచ్చేసరికే సాయంత్రాలు సాగడం మొదలైపోయుంటాది, పొద్దుట మాత్రం నెలాఖరు దాకా ఆలస్యం అవుతానే ఉంటాది. ఇప్పుడు రోజుకి మూడు నిమిషాల పైన పెరుగుతోంది, నెలాఖరుకి నాలుగున్నర దాటుతాది. మన ఊళ్ళో ఉత్తరాయణం వచ్చిందంటే పంచాంగంలో చదువుకోవడమే, ఇక్కడైతే వంటింటి కిటికీలోంచి తెలిసిపోతాది.

ట్రోమ్సోలో_తెలుగు · జనవరి 21

ఈరోజు మా ఊళ్ళో సూర్యుడి రోజు. నిజానికి మొన్ననే దిగంతం దాటాడు గానీ కొండలు అడ్డం కాబట్టి 21న లెక్క. బేకరీ ముందు పెద్ద క్యూ, సూర్యుడి బన్నులని జామ్ పెట్టినవి అమ్ముతారు, స్కూలు పిల్లలంతా బయటే. నేను గోదారోడు గారి మధ్యాహ్నం ఫోన్ ఫార్ములా పట్టుకుని అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

తెనాలి_అమ్మాయి · ఫిబ్రవరి 2

చాలా రోజులకి రాస్తున్నా. రక్త పరీక్షలో బీ12 బాగా తక్కువ ఉందని తేలింది, ఇప్పుడు దానికి మాత్రలు. దీపం డిసెంబర్ నుంచి పెడుతున్నాం, మా వారు ఆఫీసుకెళ్ళే ముందు ఆయనే ఆన్ చేసి నన్ను లేపుతారు. పొద్దున పార్క్‌కి వెళ్తున్నా, అక్కడ ఒక సిరియా ఆవిడ పరిచయం, ఇద్దరికీ వచ్చిన స్వీడిష్ అంతంతే, అయినా గంట మాట్లాడుకుంటాం. ఏది ఎంత పనిచేసిందో తెలీదు అండి. కొన్ని రోజులు ఇంకా బరువుగానే ఉంటున్నాయి, థెరపీకి కూడా పేరు రాయించుకున్నా, వరసలో ఉన్నాను.

ఓరుగల్లు_పోరడు · ఫిబ్రవరి 20

అక్కా, మస్తు సంతోషం. డాక్టర్ మేడమ్, నాదొక డౌట్. మా దగ్గర ఇప్పుడు పగలు తొమ్మిది గంటలకు అచ్చింది, దీపం బంద్ పెట్టొచ్చా? రూమ్‌మేట్ అడుగుతుండు, పెట్టె పెద్దగున్నది తీసేయమని.

కాకినాడ_డాక్టరమ్మ · ఫిబ్రవరి 21

ఇప్పుడే తీసేయకు బాబూ. వెలుగు రాగానే ఆపేస్తే కొంతమందికి వారం పది రోజుల్లో మళ్ళీ జారుతుంది. మార్చి ఆఖర్లో గడియారం ముందుకి తిప్పాక, పొద్దున బయటికెళ్ళి అరగంట తిరిగే అలవాటు నిలబడ్డాక ఆపు. ఆపాక నిద్ర ఎలా ఉందో రెండు వారాలు గమనించుకో, మళ్ళీ పది గంటలు పడుకుంటుంటే ఇంకొన్నాళ్ళు పెట్టుకో. వచ్చే ఏడాదికి మాత్రం కుంగేదాకా ఆగొద్దు, నీకు నీరసం ఏ నెలలో మొదలవుతుందో దానికి ముందే, లులియోలో అయితే సెప్టెంబర్ ఆఖరుకే మొదలుపెట్టు. పెట్టె మంచం కింద పెట్టుకో, అమ్మేయకు.